గదికి ఊపిరి

పుల్లలచెరువు మండలంలో ఒక చిన్న ఊరు. చుట్టూ మెట్ట పొలాలు. పడమటి దిక్కున నల్లమల కొండలు. వాన పడితే పంట. పడకపోతే కూలి.

ఆ ఊళ్ళో ఒక అత్తా, కోడలూ ఉన్నారు. అత్త పొదుపు సంఘంలో సభ్యురాలు. ఈ మధ్యనే రాత్రి బడిలో అక్షరాలు నేర్చింది. కూడబలుక్కుని చదువుతుంది. కోడలు ఏడో తరగతి దాకా చదివి మానేసింది.

కార్తీక మాసంలో సంఘం నుంచి 4,000 రూపాయలు అప్పు తీసుకున్నారు. పుట్టగొడుగులు పెంచుదామనుకున్నారు. ఇంటి వెనక పాత రాతి కొట్టం ఒకటి ఖాళీగా ఉంది. దానికి బోద కప్పు. కొట్టం చల్లగా ఉండాలని కంతలన్నీ మట్టితో మెత్తారు. కప్పు కింద పాలిథిన్ పట్టా కట్టారు. తలుపుకు గోనెపట్టా వేశారు. చీమ దూరే సందు కూడా లేదు.

వరిగడ్డిని రెండంగుళాల ముక్కలుగా కత్తిరించారు. నానబెట్టారు. వేడి నీళ్ళలో గంటసేపు ఉంచి ఆరబెట్టారు. పాలిథిన్ సంచుల్లో ఒక వరస గడ్డి, ఒక వరస విత్తనం వేసి కట్టారు. మొత్తం 20 సంచులు. పద్దెనిమిది రోజులకు సంచుల నిండా తెల్లని దారాలు అల్లుకున్నాయి. తర్వాత గుండుసూది తలలంత మొగ్గలు వచ్చాయి. ఇద్దరికీ సంతోషం పట్టలేదు.

నాలుగు రోజులు గడిచాయి. పుట్టగొడుగులు పెరిగాయి. కానీ గొడుగు విచ్చలేదు. కాడలు వేలెడు పొడుగు సాగాయి. వాటి తలలు చొక్కా గుండీలంత ఉన్నాయి.

"ఏందమ్మాయ్ ఇది? పుట్టగొడుగులా, ములక్కాడలా?" అంది అత్త.

"నీళ్ళు చాలలేదేమో అత్తా" అంది కోడలు.

ఇంకా నీళ్ళు చల్లారు. కొన్ని సంచులు కుళ్ళి వాసన కొట్టాయి. కొన్నిటికి పచ్చ బూజు పట్టింది. కొట్టంలోకి పోతే అత్తకు దగ్గు వచ్చేది. ఒక్క కిలో కూడా అమ్మలేదు. అప్పు కిస్తీ కట్టే రోజు దగ్గరికొచ్చింది.

ఆ రాత్రి అత్తకు నిద్ర పట్టలేదు. విత్తనంతో పాటు వచ్చిన కాగితం చూరులో దోపి ఉంది. దాన్ని తీసింది. గడ్డి ఉడకబెట్టే సంగతి ఒక పక్క ఉంది. అది ఎవరో చదివి చెబితే విన్నారు. రెండో పక్క ఎవరూ చూడలేదు. అత్త దీపం దగ్గర కూర్చుంది. వేలు పెట్టి ఒక్కో మాటా చదివింది.

మొగ్గలు వచ్చాక గదికి గాలి బాగా ఆడాలి. గాలి చాలకపోతే కాడ పొడుగవుతుంది. గొడుగు విచ్చదు. అదీ అక్కడ రాసి ఉన్న మాట.

పొద్దున్నే కోడల్ని పిలిచింది. "మనం కాగితం ఒక పక్కే విన్నాం అమ్మాయ్. రెండో పక్క నేను చదివా. మనం వాటికి ఊపిరాడకుండా చేశాం" అంది.

పుట్టగొడుగు కూడా ఊపిరి పీలుస్తుంది

పుట్టగొడుగు చెట్టు లాంటిది కాదు. చెట్టుకు పచ్చని ఆకు ఉంటుంది. ఆకు ఎండ సాయంతో ఆహారం తయారు చేసుకుంటుంది. పుట్టగొడుగుకు ఆకు లేదు. పచ్చదనం లేదు. అది గడ్డిని తిని పెరుగుతుంది. మనలాగే ప్రాణవాయువును పీలుస్తుంది. మనలాగే బొగ్గుపులుసు గాలిని వదులుతుంది.

దుప్పటి నిండా ముసుగు పెట్టుకుని పడుకుంటే కాసేపటికి ఏమవుతుంది? ఉక్క పోస్తుంది. ఊపిరి ఆడదు. ముసుగు తీసి తల బయట పెడతాం. మూసిన గదిలో పుట్టగొడుగు చేసే పని కూడా అదే. బొగ్గుపులుసు గాలి ఎక్కువైతే మంచి గాలి కోసం కాడను పొడుగ్గా సాగదీస్తుంది. బలమంతా కాడకే పోతుంది. గొడుగు చిన్నదైపోతుంది.

దారాలు అల్లుకునే రోజుల్లో గాలి కొంచెం తక్కువైనా ఫరవాలేదు. మొగ్గ కట్టిన నాటి నుంచి గాలి తప్పదు.

కోడలు ఆ రోజే తలుపు బార్లా తీసింది. ఒక్క పూటకే ఇంకో కష్టం వచ్చిపడింది. పొడిగాలికి మొగ్గలు ఎండి పసుపు రంగుకు తిరిగాయి. ఈగలు లోపలికొచ్చాయి.

అంటే పుట్టగొడుగుకు గాలి కావాలి. ఆ గాలి తడిగా ఉండాలి. నెమ్మదిగా రావాలి. ఈగల్ని తీసుకురాకూడదు. చెడ్డ గాలి బయటికి పోవాలి. ఇదంతా తలుపు ఒక్కటే చేయలేదు. ఒక చిన్న ఫ్యాను చేయగలదు.

చిన్న ఫ్యాను దొరికింది

కోడలు ఫోను బాగుచేయించడానికి యర్రగొండపాలెం పోయింది. ఆ షాపులో ఒక పాత కంప్యూటరు విప్పి పెట్టి ఉంది. లోపల పిడికెడు ఫ్యాను కనబడింది.

"ఇది ఎందుకన్నా?" అని అడిగింది.

"కంప్యూటరు వేడెక్కకూడదు గదమ్మా. లోపలి వేడిగాలిని ఇది బయటికి తోస్తుంది" అన్నాడు షాపతను.

కోడలికి కొట్టం గుర్తొచ్చింది. పాత ఫ్యాను ఒకటి 80 రూపాయలకు కొనుక్కొచ్చింది.

అత్త ఫ్యాను వెనక అంటించిన చీటీ చూసింది. ఇంగ్లీషు అక్షరాలు ఆమెకు రావు. అంకెలు వచ్చు. 12 అని ఉంది. 0.25 అని ఉంది. మందు కొట్టే పంపు బ్యాటరీ మీద కూడా 12 అనే ఉంది. పక్కన 8 ఉంది.

"రెండూ 12 వోల్టులే అమ్మాయ్. దీనికీ దానికీ జత కుదురుతుంది" అంది.

కొడుకు అడ్డం పడ్డాడు. "అమ్మా, నా పంపు బ్యాటరీ నువ్వు తీసుకుంటే మిరపకు మందెట్లా కొట్టేది?"

"మందు కొట్టే రోజు నువ్వు తీసుకో నాయనా. మిగతా రోజులు అది మూలనే గదా ఉండేది" అంది అత్త.

తయారు చేసే పద్ధతి

కావలసినవి ఇవి. 12 వోల్టుల కంప్యూటరు ఫ్యాను ఒకటి. అది ఎటు చూసినా సుమారు 4 అంగుళాల ముప్పావు ఉంటుంది. 12 వోల్టుల బ్యాటరీ ఒకటి. ఎరుపు, నలుపు తీగలు. ఒక స్విచ్చి. 1 ఆంపియర్ ఫ్యూజు. అడుగు చదరం చెక్క పలక. దోమతెర గుడ్డ. గోనెపట్టా. నాలుగు బోల్టులు.

1. చెక్క పలక మధ్యలో ఫ్యాను రెక్కలు తిరిగేంత గుండ్రటి కంత కోయాలి. ఫ్యానును పలకకు నాలుగు మూలలా బోల్టులతో బిగించాలి.

2. ఫ్యానుకు రెండు ముఖాలు ఉంటాయి. చీటీ అంటించిన వైపు నుంచి గాలి బయటికొస్తుంది. ఆ ముఖం గది బయటికి ఉండాలి. ఫ్యాను గాలిని లోపలికి కొట్టకూడదు. లోపలి గాలిని బయటికి లాగాలి. లోపలికి కొడితే ఎదురుగా ఉన్న సంచులు ఎండిపోతాయి.

3. గోడలో పైభాగాన, కప్పుకు అడుగు కింద, పలక పట్టేంత కంత తీయాలి. పలకను అందులో నిలబెట్టి చుట్టూ మట్టితో మెత్తాలి. వేడిగాలి పైకి పోతుంది కాబట్టి ఫ్యాను పైనే ఉండాలి.

4. ఎదుటి గోడలో కిందుగా ఇంకో కంత తీయాలి. దీని నుంచి మంచి గాలి వస్తుంది. ఇది ఫ్యాను కంత కంటే బాగా పెద్దదిగా ఉండాలి. రెండడుగుల పొడవు, అడుగు ఎత్తు సరిపోతుంది. ఫ్యాను ఒక మూల, ఈ కంత ఎదుటి మూల ఉంటే గాలి గదంతా తిరిగి పోతుంది.

5. రెండు కంతలకూ దోమతెర గుడ్డ బిగించాలి. కింది కంతకు బయటి వైపు గోనెపట్టా వేలాడదీయాలి. దాన్ని తడుపుతూ ఉండాలి. గాలి తడి గోనెలోంచి వస్తుంది. చల్లబడుతుంది. తేమ పట్టుకొస్తుంది. మట్టికుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో ఇక్కడ గాలి కూడా అందుకే చల్లబడుతుంది. తడి ఆరేటప్పుడు వేడిని తీసుకుపోతుంది. గోనె ఆరిపోతే ఆ చల్లదనం ఉండదు.

6. ఫ్యాను బయటి వైపు ఒక పాలిథిన్ ముక్కను పై అంచుకు మాత్రమే అంటించాలి. ఫ్యాను తిరిగినప్పుడు అది తెరుచుకుంటుంది. ఆగినప్పుడు మూసుకుంటుంది. వేడిగాలి వెనక్కి రాదు.

7. బ్యాటరీ గది బయట, ఎండా వానా తగలని చోట ఉండాలి. ఎర్ర తీగ బ్యాటరీ కూడిక గుర్తుకు, నల్ల తీగ తీసివేత గుర్తుకు కలపాలి. ఎర్ర తీగ దారిలో బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు, తర్వాత స్విచ్చి పెట్టాలి. తీగలు తారుమారైతే ఫ్యాను తిరగదు.

8. చివరగా పరీక్ష. ఫ్యాను వేసి, తలుపు మూసి, కింది కంత దగ్గర అగరొత్తి పట్టుకోవాలి. పొగ గదిలోకి పోవాలి. తర్వాత ఫ్యాను బయట చూడాలి. పాలిథిన్ ముక్క ఎగరాలి. పొగ లోపలికి పోకపోతే ఫ్యాను తిరగేసి పెట్టారన్న మాట. లేదా గాలి ఇంకో సందులోంచి వస్తోంది.

అత్త చేతిలో అగరొత్తి ఉంది. పొగ సన్నని దారంలా వంగి గోనెలోకి పోయింది. "పోతోందే అమ్మాయ్!" అని అత్త చిన్నపిల్లలా అరిచింది.

ఎంతసేపు తిప్పాలి?

కొట్టం 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. ఎంత గాలి పడుతుంది?

10 × 10 × 8 = 800 ఘనపుటడుగులు.

ఫ్యాను నిమిషానికి 30 ఘనపుటడుగుల గాలి లాగుతుందనుకుందాం. 800ని 30తో భాగిస్తే దగ్గర దగ్గర 27. అంటే అరగంట తిప్పితే గదిలో ఉన్నంత గాలి ఒకసారి బయటికి పోతుంది.

మొగ్గలు వచ్చాక అత్తాకోడళ్ళు రోజుకు నాలుగుసార్లు, సారికి అరగంట తిప్పారు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి. అందరికీ ఇదే లెక్క సరిపోదు. పుట్టగొడుగే చెబుతుంది. దాని మాట వినాలి.

కాడ పొడుగై గొడుగు చిన్నదైతే గాలి చాలలేదు. ఇంకోసారి తిప్పండి. గొడుగు అంచులు ఎండి పగిలితే గాలి ఎక్కువైంది, తేమ తగ్గింది. గోనె తడపండి. గది నేల మీద, గోడల మీద నీళ్ళు చల్లండి. సంచి మీద నీళ్ళు నిలిచి వాసన వస్తే నీళ్ళు ఎక్కువయ్యాయి. నీళ్ళు తగ్గించి గాలి పెంచండి.

బ్యాటరీ ఎన్ని రోజులొస్తుంది? బ్యాటరీ మీద ఉన్న 8 దాని నిల్వ. ఫ్యాను మీద ఉన్న 0.25 దాని వాడకం. 8ని 0.25తో భాగిస్తే 32 గంటలు. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేస్తే తొందరగా పాడవుతుంది. సగమే వాడాలి. అంటే 16 గంటలు. రోజుకు 2 గంటలు తిప్పితే 8 రోజులు. పాత బ్యాటరీ అయితే ఇంకా తక్కువ వస్తుంది. అందుకని వాళ్ళు వారానికి ఒకసారి చార్జింగ్ పెట్టారు. కరెంటు పోయినా ఫ్యాను ఆగలేదు.

పలక మీద లెక్క

మార్కాపురం పలకలకు పేరుపడ్డ ఊరు. అక్కడి రాయితో చేసిన పలకల మీద ఎంతోమంది పిల్లలు అక్షరాలు దిద్దారు. అత్త కూడా రాత్రి బడిలో పలక మీదే నేర్చింది. ఇప్పుడు ఆ పలకను కొట్టం తలుపుకు వేలాడదీసింది. తేదీ, గదిలో వేడి, ఫ్యాను ఎన్నిసార్లు వేసిందీ, గోనె ఎన్నిసార్లు తడిపిందీ రోజూ రాస్తుంది. వారానికోసారి నోటు పుస్తకంలోకి ఎక్కిస్తుంది.

ముత్యపు చిప్ప పుట్టగొడుగుకు 20 నుంచి 30 డిగ్రీల వేడి సరిపోతుంది. గాలిలో తేమ నూటికి 80 పాళ్ళకు తగ్గకూడదు. వేడి తెలుసుకోవడానికి గోడకు తగిలించే ఉష్ణమాపకం చాలు.

రెండోసారి 10 సంచులే పెట్టారు. ఒకరోజు మొగ్గల కాడలు మళ్ళీ సాగాయి. అత్త పలక చూసింది. ముందు రోజు మధ్యాహ్నం, సాయంత్రం ఫ్యాను వేసినట్టు రాసి లేదు. ఇద్దరూ మిరపకాయల కోతకు పోయారు. ఎవరో ఒకరు వేస్తారులే అని ఇద్దరూ అనుకున్నారు. ఆ రోజు నుంచి ఎవరి వంతు ఎప్పుడో కూడా పలక మీద రాసుకున్నారు.

ఆ తర్వాత గొడుగులు అరచేతి వెడల్పున విచ్చాయి. కాడలు పొట్టిగా, గట్టిగా ఉన్నాయి. మొదటి కోత అంగన్‌వాడీ వీధిలోనే అమ్ముడుపోయింది. అప్పు మొత్తం తీరలేదు. ఆ నెల కిస్తీ మాత్రం తప్పలేదు.

జాగ్రత్తలు

తడి గదిలో ఇంటి కరెంటు ప్రమాదం. ఇంట్లో కరెంటు 230 వోల్టులు. తడి చేత్తో తాకితే ప్రాణం పోవచ్చు. 12 వోల్టుల ఫ్యానును ఎంచుకోవడానికి ధర ఒక్కటే కారణం కాదు, ఇది కూడా కారణం. పెద్ద ఫ్యాను కావాలంటే కరెంటు పని తెలిసిన మనిషి చేతే పెట్టించాలి. ఎర్త్ తీగ తప్పకుండా ఉండాలి.

బ్యాటరీని చార్జింగ్ పెట్టేటప్పుడు ఫ్యాను తీగలు ఊడదీయాలి. ఎర్ర, నల్ల తీగల కొనలు ఒకదానికొకటి తగలకూడదు. తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి.

మందు పంపు బ్యాటరీని ముందు తడిగుడ్డతో తుడవాలి. తుడిచాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పంపును గదిలోకి తేవద్దు. ఆ పంపుతో పుట్టగొడుగుల మీద నీళ్ళు ఎప్పుడూ చల్లవద్దు. పురుగుమందు అవశేషం కూరలోకి వస్తుంది. నీళ్ళకు వేరే చేతి పిచికారీ ఉండాలి.

ముదిరిన పుట్టగొడుగు కంటికి కనబడని సన్నని పొడి వదులుతుంది. అది రొమ్ములోకి పోతే దగ్గు, ఆయాసం వస్తాయి. గదిలోకి పోయే ముందు ఫ్యాను వేయాలి. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాలి. గొడుగు అంచు పైకి తిరగక ముందే కోయాలి. దగ్గు తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోవాలి.

అడవిలో, పొలంలో మొలిచిన తెలియని పుట్టగొడుగులు తినవద్దు. కొన్నిటిలో విషం ఉంటుంది. వండినా ఆ విషం పోదు. నమ్మకమైన చోట కొన్న విత్తనంతోనే పెంచాలి.

ఎండాకాలం సంగతి

మార్కాపురం, పుల్లలచెరువు వైపు మే నెలలో ఎండ మండిపోతుంది. ముత్యపు చిప్ప రకం ఆ వేడికి తట్టుకోదు. దాన్ని చలికాలంలోనే పెంచుకోవాలి.

30 నుంచి 35 డిగ్రీల వేడిలో పెరిగే రకం ఒకటి ఉంది. దాన్ని పాల పుట్టగొడుగు అంటారు. 1974లో పశ్చిమ బెంగాల్ నుంచి శాస్త్రవేత్తలు దీని సంగతి బయటపెట్టారు. తర్వాత తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం దీని పెంపకాన్ని వ్యాప్తి చేసింది. దీనికి కూడా గాలి కావాలి. పైన శుద్ధి చేసిన మట్టి పొర వేయాలి. కానీ ఎండలు 40 డిగ్రీలు దాటి, గోనె తడపడానికి నీళ్ళు కూడా లేని ఊళ్ళో పెంపకం ఆపడమే మేలు. తాగే నీళ్ళు ముందు. పుట్టగొడుగు తర్వాత.

సందేహాలుంటే అడగాలి. రైతుల కోసం దర్శిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. అది ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద నడుస్తుంది. హిమాచల్ ప్రదేశ్‌లోని సోలన్‌లో పుట్టగొడుగుల పరిశోధన కోసమే 1983లో ఒక కేంద్రం పెట్టారు.

సంక్రాంతి దాటాక ఒకరోజు అత్త వంటింట్లో కూర్చుని పొయ్యి ఊదుతోంది. కట్టెలు పచ్చివి. ఇల్లంతా పొగ. కోడలు కళ్ళు తుడుచుకుంది. అత్త తలెత్తి గోడ చూసింది. అక్కడ ఒక్క కంత కూడా లేదు.

"అమ్మాయ్, పుట్టగొడుగులకు కంత పెట్టాం. మనకు పెట్టుకోలేదే!" అంది.

కోడలు గడ్డపార తెచ్చింది.

కొత్త మాటలు

ప్రాణవాయువు: మనం పీల్చుకునే మంచి గాలి.
బొగ్గుపులుసు గాలి: మనం వదిలే గాలిలో ఉండేది.
ఉష్ణమాపకం: వేడిని కొలిచే సాధనం.
ఘనపుటడుగు: అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న చోటు.

ఖాళీలు పూరించండి

1. ఫ్యాను గదిలోని గాలిని ................ లాగాలి.
2. గాలి చాలకపోతే కాడ ................ అవుతుంది.
3. ఇంటి కరెంటు ................ వోల్టులు. బ్యాటరీ ................ వోల్టులు.

లెక్క చేయండి

1. ఫ్యాను 80 రూపాయలు. స్విచ్చి 20. తీగలు 30. ఫ్యూజు 10. దోమతెర గుడ్డ 20. చెక్క, గోనె, బోల్టులు ఇంట్లోవే. మొత్తం ఎంత?
2. ఒక గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు ఉంది. ఆ గదిలో ఎంత గాలి పడుతుంది? నిమిషానికి 30 ఘనపుటడుగులు లాగే ఫ్యానును ఎన్ని నిమిషాలు తిప్పాలి?

మాట్లాడుకోండి

1. అత్తాకోడళ్ళు మొదటిసారి ఎందుకు నష్టపోయారు? కాగితం రెండో పక్క ముందే చదివి ఉంటే ఏమయ్యేది?
2. మీ వంటింట్లో పొగ ఎటు పోతోంది? అగరొత్తి వెలిగించి చూడండి. చూసింది మీ పలక మీద రాయండి.